అనంతపుర పీఠభూమిలో ఆదిమ జనుల ఆహారము - శ్రమము

ఇటీవల చిరుధాన్యములను గూర్చిన ప్రశంస ఎల్లెడల వినవచ్చుచున్నది. ఐక్యరాజ్య సమితి 2023వ సంవత్సరమును అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా పాటించిన పిదప ఈ ప్రశంస మఱింత హెచ్చినది. పూర్వులు కొఱ్ఱలు, రాగులు, జొన్నలు తిని దృఢకాయులై జీవించిరనియు, వరియన్నమునకు మరలిన మనము ఆ బలమును కోల్పోతిమనియు సభలయందును పత్రికలయందును చెప్పుచున్నారు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. కాని పూర్వులనగా ఎంత పూర్వులు? వారు తినిన దేమి? ఆ తిండి గింజ పొలమునుండి నోటివఱకు వచ్చుటకు ఎవరెంత శ్రమించిరి? ఈ ప్రశ్నలు వేయక చేయు ప్రశంస స్తోత్రము కాగలదు గాని చరిత్ర కాజాలదు. అనంతపుర పీఠభూమిని ఉదాహరణముగా గ్రహించి, ఇచ్చటి ఆదిమ జనుల ఆహారమును, దానికై వారు చేసిన కాయకష్టమును కలిపి విచారించుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

భూమి - వాన

అనంతపుర సీమ పడమటి కనుమల చాటున నున్న మెట్టభూమి. నైరుతి ఋతుపవనము తన నీటిని చాలవఱకు కనుమల మీదనే దింపుకొని ఇచ్చటికి వచ్చుసరికి వట్టిపోవును. ఈశాన్య ఋతుపవనము తీరము దాటి ఇంత దూరము వచ్చుసరికి బలము తగ్గును. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియును. అయితే సగటు లెక్క ఈ సీమ స్వభావమును పూర్తిగా తెలుపదు. ఒక యేడు కురిసిన వాన మఱుసటి యేడు కురియదు. ఒక ఊరిలో కురిసినది పొరుగూరిలో కురియదు. పెన్న, చిత్రావతి, వేదవతి అను నదులు ఏడాదిలో అధికభాగము ఇసుకదారులే. నేల చాలచోట్ల పలుచని యెఱ్ఱనేల. ఉరవకొండ ప్రాంతమున నల్లరేగడి. నడుమ నడుమ నల్లరాతి గుట్టలు.

ఈ సీమ 1882వ సంవత్సరమున బళ్లారి జిల్లానుండి విడిపోయి వేఱు జిల్లా అయినది. 2022లో దీని దక్షిణభాగము శ్రీ సత్యసాయి జిల్లాగా ఏర్పడినది. ఆదిమ జనులకు ఈ యెల్లలు తెలియవు. గుట్టలు, గడ్డిమైదానములు, వానరాకలు ఒకటే యగుటచేత బళ్లారి పరిసరములలో దొరకిన సాక్ష్యమును అనంతపుర సాక్ష్యముతో జోడించి చూచుట న్యాయమే.

వేట, సేకరణలతో జీవించిన జనుల చరిత్ర ఈ ప్రాంతమున మిక్కిలి దీర్ఘమైనది. ఉత్తరమున, నేటి నంద్యాల జిల్లాలోని జ్వాలాపురమున, సుమారు 74,000 సంవత్సరముల నాటి తోబా అగ్నిపర్వతపు బూడిదకు క్రిందను మీదను రాతిపనిముట్లు దొరకినవి. అచ్చటనే ఒక రాతిచాటున సుమారు 35,000 సంవత్సరముల నాడే చిన్న రాతి పలుకుల పనిముట్లు చేయుచుండిరని తేలినది. వారి తిండిని గూర్చి మనకు దొరకు సాక్ష్యము స్వల్పము. తగినంత వివరముతో మాటలాడుటకు వీలగునది నవీన శిలాయుగమునుండియే. దక్షిణాపథమున ఆ యుగము స్థూలముగా క్రీ.పూ. 3000 మొదలు క్రీ.పూ. 1200 వఱకు సాగినది.

బూడిద దిబ్బలు

బళ్లారి, అనంతపురము, రాయచూరు ప్రాంతములలో పెద్ద పెద్ద బూడిద దిబ్బలు కలవు. కొన్నిటి బూడిద గాజువలె కరగి గట్టిపడి యుండును. ఇవి రాక్షసులను దహించిన చోట్లని జనులు చెప్పుకొనిరి. పందొమ్మిదవ శతాబ్దిలో న్యూబోల్డు మొదలగువారు వీనిని వర్ణించిరి. ఇవి పశువుల పేడ కాలగా ఏర్పడినవని రాబర్టు బ్రూస్ ఫుట్ వాదించెను. 1960లో జాయ్‌నర్ అను శాస్త్రజ్ఞుడు కుడతిని దిబ్బ బూడిదను సూక్ష్మదర్శినితో పరిశీలించి ఆ వాదమును బలపఱచెను. నాటి మహబూబునగరు జిల్లాలోని ఉట్నూరున ఆల్చిన్ 1957లో జరిపిన త్రవ్వకమున బూడిద పొరల నడుమ పశువుల గిట్టల గుర్తులే బయటపడినవి. దీనితో సందేహము తీరినది. ఈ దిబ్బలు పశువుల దొడ్లు. ఏండ్ల తరబడి పోగుపడిన పేడను ఆ జనులు అప్పుడప్పుడు కాల్చుచుండిరి.

అనంతపుర జిల్లాలో ఇట్టి దిబ్బలకు ప్రసిద్ధమైనది కళ్యాణదుర్గము ప్రాంతమునందలి పాలవాయి. ఆచార్య వి. రామిరెడ్డిగారు ఈ స్థలమును త్రవ్వి, క్రీ.పూ. రెండవ సహస్రాబ్దిలో ఇచ్చట పశుపాలకులు నివసించిన తీరును వెల్లడించిరి. నునుపు చేసిన రాతి గొడ్డళ్లు, చేతితో చేసిన బూడిదరంగు కుండలు, పశువుల యెముకలు ఈ సంస్కృతికి సామాన్య లక్షణములు.

దిబ్బలు ఆహారమును గూర్చి చెప్పునది స్పష్టమే. ఈ యుగపు స్థలములలో దొరకు ఎముకలలో అధికభాగము మూపురము గల పశువులవి. తరువాత గొఱ్ఱెలవి, మేకలవి. అడవి జంతువుల యెముకలు కొలదిగా నుండును. ఎముకలపై కోతగుర్తులు, కాలిన గుర్తులు ఉండుటచేత పశువుల మాంసము వారి ఆహారములో భాగమనుట నిశ్చయము. కలబురగి ప్రాంతపు బూదిహాళున ఆచార్య కె. పద్దయ్యగారు జరిపిన త్రవ్వకమున పశువులను కోయుటకై ప్రత్యేకించిన ఒక నేల బయటపడినది. అనగా పశువును కోయుట ఒక యింటి పని గాక పలువురు కూడి చేసిన పనియై యుండవచ్చును. తరువాతి కాలపు ఆచారములను, విశ్వాసములను ఈ సాక్ష్యముపై ఆరోపింపరాదు. ఈ సాక్ష్యమును తెచ్చి నేటి వివాదములలో ఆయుధముగా వాడుటయు తగదు.

దిబ్బలు శ్రమను గూర్చి చెప్పునది అంత స్పష్టముగా కనబడదు గాని, ఆలోచించినచో అదియు తక్కువది కాదు. మనుష్యుల ఎత్తును మించిన బూడిద పోగుపడవలెనన్న ఎన్ని పశువులు ఎన్ని యేండ్లు ఆ దొడ్డిలో నిలిచి యుండవలెను! ఈ సీమలో మందను మేపుట యనగా నడచుట. వాన పడిన దిక్కునకు గడ్డికై నడువవలెను. ఎండలలో నీటికై నడువవలెను. రాత్రి పులినుండి, తోడేలునుండి మందను కాయవలెను. ఈ దొడ్లు ఋతువునుబట్టి వచ్చిపోవు మజిలీలని కొందఱును, స్థిరనివాసములని కొందఱును చెప్పుచున్నారు. ఏ పక్షమును గ్రహించినను, ఈ సీమలో పశువు బ్రతుకుట మనుష్యుని కాళ్లపై ఆధారపడి యుండెననుట సత్యము.

గింజల సాక్ష్యము

చాలకాలము పండితులు ఈ జనులను పశుపాలకులుగానే తలంచిరి. ఆ చిత్రమును మార్చినవి మాడిన గింజలు. త్రవ్విన మన్నును నీటిలో కలిపినచో మాడిన గింజలు తేలివచ్చును. వానిని సన్నని జల్లెడతో పట్టి గుర్తింపవచ్చును. ఈ పద్ధతిని అనుసరించి డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య మొదలగువారు బళ్లారి, కర్నూలు, కడప, అనంతపురము ప్రాంతముల స్థలములను పరిశీలించి 2004లో ఫలితములను ప్రకటించిరి. వానిలో ఉరవకొండ సమీపమున విడపనకల్లు వైపుగల వేల్పుమడుగు ఒకటి.

ఆ గింజలలో ప్రధానమైనవి నాలుగు. అండుకొఱ్ఱలు మొదటివి. కొఱ్ఱజాతికే చెంది, వెన్ను బట్టలకు అంటుకొను స్వభావముగల ఒక గడ్డి గింజ రెండవది. ఉలవలు, పెసలు మూడవ నాలుగవవి. వీనికి తోడు రేగుపండ్ల గింజలు, దుంపల తునకలు కొన్ని కనబడినవి. ఈ నాలుగు పైరులును వెలుపలినుండి వచ్చినవి కావు. దక్షిణభారతమున అడవిజాతులుగా నుండి ఇచ్చటనే మచ్చికయైనవి. సేద్యము పశ్చిమాసియానుండి పూర్ణరూపముతో దిగుమతియైనదని తలంచుచుండినవారికి ఇది పెద్ద సవరణ.

ఇట దొరకని గింజలు దొరకిన గింజలంత ముఖ్యములు. రాయలసీమ పేరు చెప్పగానే తలపునకు వచ్చు జొన్నరొట్టె, రాగిసంకటి ఈ తొలిదశలో లేవు. జొన్న, సజ్జ, రాగి మూడును ఆఫ్రికాలో పుట్టి తరువాత ఈ దేశమునకు వచ్చినవి. కంది తూర్పుభారతమునుండి వచ్చినది. గోధుమ, యవలు కొన్నిచోట్ల కొద్దిగా కనబడినను ఈ సీమకు అవి చలికాలపు పరదేశి పైరులే. ఇక వేరుసెనగ దక్షిణ అమెరికానుండి వచ్చి, ఇరువదవ శతాబ్దిలో అనంతపురపు మెట్టలను ఆక్రమించినది. కావున మన "పూర్వుల తిండి" యనునది ఒక్కటి కాదు. అది పొరలు పొరలుగా ఏర్పడిన వస్తువు. అందు అడుగుపొర అండుకొఱ్ఱయు ఉలవయు. రాయలసీమ, కర్ణాటక సరిహద్దు గ్రామములలో అండుకొఱ్ఱ సేద్యము నేటికిని పూర్తిగా అంతరింపలేదు.

ఈ యెంపికలో గొప్ప వివేకము కలదు. చిరుగింజ గడ్డి కొద్దివానకు మొలచి త్వరగా పండును. ఉలవ ఇంకను ఓర్పుగలది. తొలివాన తప్పిన యేడు ఆగస్టు, సెప్టెంబరు మాసములలో విత్తినను కొంత చేతికి వచ్చును. తృణధాన్యములందు కొఱతపడు మాంసకృత్తుల భాగము పప్పుధాన్యములందు కలదు. రెండును కలిపి తినినచో ఒకదాని లోపమును మఱియొకటి పూరించును. పైరు పోయిన యేడు మంద యుండెను. మంద క్షీణించిన యేడు రేగుపండ్లు, దుంపలు, వేట ఉండెను. ఒకే పంటను నమ్మక పలు ఆధారములను పట్టుకొనుటయే ఈ సీమ ఆదిమ జనుల ముఖ్యసూత్రమని మేము తలంచుచున్నాము.

రోలు - రోకలి

అయితే ఆ వివేకమునకు వెల కలదు. ఆ వెల శ్రమము. చిరుగింజకు పొట్టు గట్టిగా అంటి యుండును. దంచక, చెఱుగక, నూఱక అది తిండి కాదు. నవీన శిలాయుగ స్థలములలో విరివిగా దొరకునవి అరగిన నూఱుడురాళ్లు. గుట్టలపై పరపుబండలమీదను నూఱుటచేత ఏర్పడిన గుంటలు, నునుపు చారలు కలవు. ఆ రాయి గుండ్రముగా త్రిప్పు తిరగలి కాదు. తిరగలి చాల తరువాతి కాలపుది. పల్లముగా నున్న రాతిపై మఱియొక రాతిని రెండు చేతులతో ముందుకు వెనుకకు త్రోయవలెను. మోకాళ్లపై కూర్చుండి నడుము వంచి గంటల తరబడి చేయవలసిన పని యది.

ఈ పని శరీరముపై ఎట్టి ముద్ర వేయునో ఇతర దేశముల అస్థులు చెప్పుచున్నవి. సిరియాలోని అబూ హురైరా గ్రామపు తొలి సేద్యగాండ్ర ఎముకలను థేయా మోలెసన్ పరిశీలించి, స్త్రీల కాలి బొటనవ్రేళ్లు, మోకాళ్లు, వెన్నుపూసలు నూఱుడు శ్రమచేత అరగి వికృతి చెందినవని 1994లో వివరించెను. మధ్య యూరపు నవీన శిలాయుగ స్త్రీల భుజాస్థులు, దేహపరిమాణమును గణించి పోల్చినపుడు, నేటి పడవపందెపు క్రీడాకారిణుల భుజాస్థులకంటె 11 మొదలు 16 శాతము దృఢమైనవని కేంబ్రిడ్జి విద్వాంసులు 2017లో ప్రకటించిరి. అస్థి బలపడుట, కీలు అరగుట - ఒకే శ్రమకు రెండు ఫలములు. పూర్వుల దార్ఢ్యమును మెచ్చువారు మొదటిదానిని చెప్పి రెండవదానిని విడిచెదరు. మన పీఠభూమిలోను ఈ పని స్త్రీలదే యని ఎముకల సాక్ష్యముతో నిర్ధారింపలేము గాని, తరువాతి కాలపు వాడుకనుబట్టి అట్లే యుండెనని ఊహించుట తప్పు కాదు.

ఇచ్చట భాష కొంత తోడ్పడును. తెలుగు రోలు, తమిళ ఉరల్, కన్నడ ఒరళు ఏకమూలములు. తెలుగు రోకలి, తమిళ ఉలక్కై, కన్నడ ఒనకె అట్టివే. పెసలు, హెసరు, పయఱు అనునవియు ఒకే మాటకు రూపభేదములు. ఈ భాషలు వేఱుపడుటకు ముందే ఆ జనులు పెసలను, రోటిని, రోకలిని ఎఱిగియుండిరనుటకు ఇది సూచన. పాలవాయి పశుపాలకులు మాటలాడినది మూలద్రావిడమే యని దీనివలన సిద్ధింపదు. కాని దంచుట, నూఱుట అను పనులు మన భాషకు ఎంత పాతవో దీనివలన తెలియును.

పురుషుల శ్రమకు సాక్ష్యము రాతిగొడ్డలి. బళ్లారి చెంత సంగనకల్లు గుట్టలను సుబ్బారావుగారు 1946 మొదలు పరిశోధించిరి. దాని సమీపమునందలి హిరేగుడ్డపై నల్లని డోలరైటు రాతిని పగులగొట్టి గొడ్డళ్లు చేసిన పెద్ద కర్మాగారము తరువాతి పరిశోధనలలో వెల్లడియైనది. రాతిని త్రవ్వి, చెక్కి, దెబ్బలతో చదును చేసి, బండపై అరగదీసి పదును పెట్టుట దినములు పట్టు పని. ఆ గొడ్డలితో తుప్పలు నఱికినగాని పొలము లేదు. దొడ్డికి కంప లేదు.

కొలత

ఇంత శ్రమించిన జనులు స్వర్ణయుగమున నుండిరా? ఈ సంస్కృతికి చెందిన పలు స్థలములలో ఇండ్ల నేలక్రింద కుండలలో పాతిపెట్టిన శిశువుల అస్థులు దొరకుచున్నవి. తల్లి నిత్యము త్రొక్కు నేలక్రిందనే బిడ్డను దాచుకొనిన ఆ జనుల దుఃఖమును మఱచి వారి ఆరోగ్యమును గూర్చి మాటలాడుట తగదు. బ్రతికి పెద్దవారైనవారు దృఢులై యుండవచ్చును. పెద్దవారు కాకపోయినవారు ఎందఱో కలరు.

శ్రమ అధికముగా నుండుటచేత వారికి ఏమి తినినను హాని లేకుండెనను వాదమును జాగ్రత్తగా గ్రహింపవలెను. టాంజానియాలో వేట, సేకరణలతో జీవించు హాడ్జా జనుల దేహములు దినమునకు వ్యయించు శక్తిని హెర్మన్ పొంట్జర్ మొదలగువారు కొలిచి 2012లో ప్రకటించిరి. వారు పాశ్చాత్య నగరవాసులకంటె చాల అధికముగా నడచుచున్నను, దేహపరిమాణమును గణించి చూడగా మొత్తము వ్యయములో చెప్పుకోదగిన భేదము కనబడలేదు. శ్రమ హెచ్చినపుడు దేహము ఇతర వ్యయములను తగ్గించుకొనునని దీనినిబట్టి ఊహించుచున్నారు. శ్రమ అవసరమే, కాని శరీరము హద్దు లేని కొలిమి కాదు.

ఆ హద్దును పాలకులు ఈ నేలపైననే ఒకసారి పరీక్షించిరి. 1876-78 నాటి కఱవున మిక్కిలి నష్టపడిన ప్రాంతములలో నాటి బళ్లారి జిల్లా ఒకటి. అప్పుడు అనంతపుర సీమ అందులోని భాగమే. వైస్రాయి పంపగా వచ్చిన సర్ రిచర్డు టెంపుల్ 1877 జనవరిలో సహాయపు పనులలోని కూలిని తగ్గించెను. రాళ్లు కొట్టి, మన్ను మోయు వయోజన పురుషునకు దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యపు వెలయు, దానిపై అర అణాయు నిర్ణయింపబడెను. అంతకుముందు ధాన్యభాగము పౌనున్నర. మద్రాసు రాజధాని సానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ దీనిని తీవ్రముగా ప్రతిఘటించి, పని చేయు దేహమునకు ఇది చాలదనియు, పప్పుదినుసులు, కూరలు లేక ధాన్యమొక్కటే నిలుపజాలదనియు వాదించెను. 1877 మే నెలలో కూలిని పెంచవలసి వచ్చెను. అప్పటికే శిబిరములలో క్షీణించి మరణించినవారు మరణించిరి.

నాలుగు వేల యేండ్లకు పూర్వము ఈ సీమవారు గింజతో ఉలవను జోడించి, మందను నిలుపుకొని, దిక్కు మార్చి నడచి నిలిచిరి. టెంపుల్ నాటి కూలివానికి ఆ మూడును లేవు. మంద చచ్చినది, నడచి వెదకుటకు గడ్డి లేదు, చేతికి వచ్చినది ఒక ధాన్యపు వెల మాత్రమే. శ్రమ పూర్వమువలెనే యుండెను. దానికి సరితూగు తిండి తీసివేయబడెను.

ఇరువదవ శతాబ్ది ఈ త్రాసును మఱియొక విధముగ కదలించినది. వేరుసెనగ వచ్చి కొఱ్ఱ, ఉలవ పొలములను మింగినది. తిండి గింజ పోయి అమ్ముడు గింజ మిగిలినది. 1983లో రాష్ట్రమున ప్రారంభమైన కిలో రెండు రూపాయల బియ్యపు పథకము పేదల ఆకలిని తీర్చినది; ఆ మేలును తక్కువచేయరాదు. కాని దానితోపాటు ఇంటింట సంకటి స్థానమున వరియన్నము నిలిచినది.

మా బాల్యమున మా జేజి వేకువనే లేచి విసురుచుండిన రాతి శబ్దము మాకింకను జ్ఞాపకము. మా యూరికి పిండిమర వచ్చిన దినమున ఆమె సంతోషించినదే గాని, ప్రాచీన సంస్కృతి నశించినదని విచారింపలేదు. "రాయి తిన్న చేతులు రాయికి తెలుసునా?" అని మాత్రము అనెను. చిరుధాన్యములను గూర్చిన ఉపన్యాసములు వినునపుడెల్ల మాకు ఆ మాటయే తోచును.

కావున మా నిర్ణయమిది. ఈ పీఠభూమిలో ఆదిమ జనుల బలము ఏదో ఒక గింజలో లేదు. పలు గింజలు, మంద, అడవి అను మూడు ఆధారములను కలిపి నిలుపుకొనుటలోను, తిండికి తగిన శ్రమ, శ్రమకు తగిన తిండి ఉండుటలోను ఆ బలము కలదు. ఆ శ్రమలో పెద్దపాలు, పేరు లేని స్త్రీలదై యుండుటకే అవకాశము మిక్కుటము. నేడు అండుకొఱ్ఱను మరల పొలమునకు తెచ్చుట మంచిదే. దానిని దంచు భారమును మరల స్త్రీల చేతులకు తేకుండుట అంతకంటె మంచిది. చిరుగింజల పొట్టు తీయు చిన్న మరలు ఊరూర నుండవలెననుట ఇందుచేతనే.

చివరి మాట యొకటి. తమ పేడను కాల్చివేసిన ఆ జనుల బూడిదను తరువాతివారు ఎరువుగా బండ్లతో తరలించిరి. ఆ విధముగా ఎన్నో దిబ్బలు నశించినవి. పొలముగట్లలో అరగిన నూఱుడురాళ్లు కట్టుడురాళ్లైనవి. మిగిలిన దిబ్బలు, రాళ్లు ఈ సీమవారి తిండికిని కష్టమునకును వ్రాతలేని లెక్కపుస్తకములు. వానిని కాపాడుకొనినపుడే పూర్వులను గూర్చి మనము చెప్పు మాటకు ఆధారముండును.